ఆ బూట్లు ఎవరివి?

సినిమాలో హీరో మెట్లెక్కుతుంటే మీకు వినిపించే అడుగులు హీరోవి కావు, నావి. పారిపోయే దొంగవీ నావే, వెంటపడే పోలీసువీ నావే. షూటింగులో మాటలు తప్ప తక్కిన చప్పుళ్లు సరిగా పడవు కాబట్టి, తరువాత ఒక గదిలో తెరమీద బొమ్మ వేసుకుని, దానికి తగ్గట్టు ఎవరో ఒకరు నడవాలి, తలుపులు మూయాలి, కప్పులు పెట్టాలి. ఆ ఎవరో ఒకరు ఇరవయ్యారేళ్లుగా నేనే. ఎదుట ఎఫెక్ట్స్ ఆవిడ అంటారు, చాటున చెప్పులావిడ అంటారట. అననీ, నాకేం!

నా గదికి కిటికీ లేదు. గోడలకు మందపాటి దుప్పట్లు వేలాడుతుంటాయి. నేల మాత్రం ముక్కలు ముక్కలుగా ఉంటుంది. ఒకచోట సిమెంటు, ఒకచోట చెక్క, ఒకచోట నున్నటి పలకరాయి, మూలన తొట్టెలో కంకర. ట్రంకుపెట్టెలో నలభై మూడు జతల చెప్పులూ బూట్లూ ఉన్నాయి. నేను గాజులు వేసుకోను, గరగరలాడే చీర కట్టను, ఖాళీ కడుపుతో మైకు ముందుకు వెళ్లను. ఒకసారి పేగులు అరిచి, ఒక ప్రేమ సన్నివేశంలో హీరోయిన్‌కు ఆకలేస్తున్నట్టు పడింది. అప్పటినుంచి రెండు అరటిపండ్లు తినకుండా మొదలుపెట్టను.

ఇన్నేళ్లలో నా పేరు తెరమీద ఒక్కసారి పడలేదు. టీ అందించినవాళ్ల పేరు పడింది. కుక్కను తెచ్చినాయన పేరు పడింది. ఒక సినిమాలో కుక్క పేరు కూడా పడింది. నేను మాత్రం లేను.

అందుకే ఈ కొత్త డైరెక్టరు మొదటిరోజే వచ్చి, "అక్కా, మాది సస్పెన్సు సినిమా. చప్పుళ్లే ప్రాణం. మీ పేరు విడిగా ఒక కార్డు వేస్తాను, దాంట్లో మీరొక్కరే ఉంటారు" అన్నప్పుడు నేను ఆ మాట మళ్లీ చెప్పించుకుని విన్నాను. ఇంటికెళ్లి మా అత్తగారితో చెప్పేశాను. ఆవిడ మర్నాడే కళ్లద్దాల షాపుకెళ్లి కొత్త అద్దాలు చేయించుకున్నారు.

మా అత్తగారి సంగతి చెప్పాలి. డెబ్బై రెండేళ్లు, మోకాళ్ల నొప్పులు, నోరు మాత్రం పాతికేళ్లది. హత్య సినిమా వచ్చిందంటే ఆవిడను ఆపేవాళ్లు లేరు. అదీ ఒకసారి కాదు, ప్రతి సినిమా రెండుసార్లు చూస్తారు. "మొదటిసారి వాడు నన్ను బోల్తా కొట్టించాలి. రెండోసారి నేను వాణ్ని పట్టుకోవాలి" అంటారు. రెండోసారి చూసినప్పుడు ఎక్కడైనా అబద్ధం దొరికిందా, ఆ డైరెక్టరు సినిమాకు మళ్లీ వెళ్లరు. మా ఆయన ఇంటర్వెల్‌కు ముందే నిద్రపోతారు కాబట్టి ఆవిడకు తోడు నేనే. నేను పనిచేసే సినిమా అయితే ముందే వేలు చూపిస్తారు. "ఎవరు చంపారో నోరు జారావంటే ఇంట్లోంచి గెంటేస్తా, జాగ్రత్త!"

ఈ సినిమాలో ఒక పెద్ద ఇల్లు. ఇంటి పెద్దాయన మెట్లమీంచి పడి చచ్చిపోతాడు. ఎవరో తోశారు. పేకాట పిచ్చి ఉన్న తమ్ముడు, ఎక్కువ నవ్వే డాక్టరు, కోపిష్ఠి వాచ్‌మన్, అందరికీ టీలు అందించే పెద్దాయన చెల్లెలు, వీళ్లలో ఒకరు. ఎవరో మాకెవరికీ తెలియదు. బయటికి పొక్కుతుందని డైరెక్టరు చివరి రీలు దాచిపెట్టి, తక్కినవి ఒక్కొక్కటే ఇచ్చాడు. నాకూ అదే మంచిదనిపించింది.

అయిదో రీలులో హత్య. ఇరవై రెండు సెకన్లపాటు తెరంతా దాదాపు చీకటి. వసారాలో ఒక తలుపు కిందినుంచి సన్నటి వెలుతురు గీత, దాని మీదుగా రెండు పాదాల నీడ దాటి వెళుతుంది. అంతే. మొహం లేదు, బట్టలు లేవు. ఆ నీడకు నేను నడవాలి.

నాలుగుసార్లు వేయించుకుని చూశాను. ఎడమకాలి నీడ కుడిదానికన్నా కాస్త ఎక్కువసేపు నిలుస్తోంది. నడక చూస్తే దానికి ఏ చెప్పులు వేయాలో నా చేతికే తెలుస్తుంది. ఆలోచించకుండానే పెట్టెలోంచి ఒక పాత రబ్బరు చెప్పుల జత తీశాను. ఎడమదాని అడుగు సగం ఊడి, వేసినప్పుడల్లా రెండుసార్లు మోగుతుంది. పలకరాయి మీద నడిచాను. టప్‌తప్... టప్. టప్‌తప్... టప్. నీడకూ నాకూ వెంట్రుకవాసి తేడా లేదు. ఇరవై రెండో సెకనులో చెప్పులకేసి చూసుకున్నాను. ఇవి రెండో రీలులో చెల్లెలు టీలు అందించినప్పుడు నేను వేసిన చెప్పులు!

"ఓసి నీ దుంప తెగ! నువ్వటే!" అన్నాను.

మైకు ఆన్‌లో ఉంది. అద్దం అవతల కూర్చున్న మా రికార్డిస్టు తలపట్టుకున్నాడు. ఆయన్ను అందరూ చెవులాయన అంటారు. రోజుకు పది మాటలు మాట్లాడితే ఎక్కువ. చెరపమని చెప్పడం నేను మరిచిపోయాను, అడగందే ఏదీ చెరపడం ఆయనకు అలవాటు లేదు.

మర్నాడు ఉదయం డైరెక్టరు ఆ ముక్క విన్నాడు. చీకటి వసారా, మెత్తటి అడుగులు, చివర్లో నా దీవెన.

"ఎవరు చెప్పారు మీకు?" అని గదిలోకి దూసుకొచ్చాడు.

"ఏం చెప్పారు?"

"చెల్లెలే చంపిందని. ఎడిటింగ్ రూములో ఎవరో వాగారు కదూ? పేరు చెప్పండి."

"ఆవిడ కాలు చెప్పింది బాబూ. ఆ నటికి కుడి మడమ నొప్పి ఉన్నట్టుంది, ఎడమకాలి మీద బరువు ఆనిస్తుంది. చీకట్లో నిలబెట్టినా కాలు దాగదు."

కుర్చీలో కూలబడ్డాడు. "మీరు పట్టేశారంటే జనమూ పట్టేస్తారు. ఇంటర్వెల్‌కే తెలిసిపోతే ఇంకేం మిగిలింది?"

"నేను కాళ్లు చూసి బతికేదాన్ని. జనం మొహాలు చూస్తారు. భయపడకండి."

అతను వినలేదు. తలెత్తి, "ఆ చెప్పులు తీసేయండక్కా. బూట్లు వేయండి. వాచ్‌మన్ బూట్లు" అన్నాడు.

"వాచ్‌మన్ అప్పుడు గేటు దగ్గరున్నాడు కదా? తరువాతి షాటులో మీరే చూపించారు."

"అంతసేపు ఎవరికి గుర్తుంటుంది? జనం వాడే అనుకోవాలి, అంతే."

"మరి చివర్లో ఆ బూట్లు ఎవరివని చెబుతారు?"

"చెప్పను. ఎవరూ అడగరు."

అరికాలి మంట నెత్తికెక్కడమంటే ఏమిటో నాకప్పుడు తెలిసింది. జనానికి ఏమీ తెలియకుండా చేయడం ఒక గొప్పా? దీపాలు ఆర్పేస్తే ఎవరికీ ఏమీ కనబడదు, దానికి సినిమా తీయడమెందుకు? ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఎందుకు పట్టలేడు? దొంగ ఎదురుగానే తిరుగుతున్నాడు కాబట్టి. చూసేవాడి చేతిలో నిజం పెట్టాలి, పెట్టి చూపు పక్కకు తిప్పాలి. చివర్లో వాడు తన చెయ్యి తాను చూసుకుని, అయ్యో, నా దగ్గరే ఉందే అనుకోవాలి. అందుకే కుర్చీ అంచున కూర్చుంటాడు, అందుకే రెండోసారి వస్తాడు. దాచడం వేరు, అబద్ధం చెప్పడం వేరు. అబద్ధం చెప్పి గెలిస్తే అది చెవిలో పువ్వు పెట్టడం. చెవి నా ఇలాకా. దాంట్లో పువ్వు పెట్టనివ్వను.

ఇదంతా అతనితో అన్నాను. ఇంకా కాస్త గట్టిగానే అన్నాను. తరువాత చల్లబడి ఒక దారి చెప్పాను.

"చెప్పులే ఉంచండి. అదే సమయానికి బయట గేటు కిర్రుమనిపిస్తాను, వాచ్‌మన్ ఒకసారి దగ్గుతాడు. వాడు నిజంగా అక్కడే ఉన్నాడు కాబట్టి అబద్ధం కాదు. జనం చెవి గేటు మీదికి పోతుంది. చెప్పులు వాళ్ల పక్కనుంచే నడిచిపోతాయి."

"అంత సూక్ష్మాలు ఎవరికీ అక్కర్లేదు."

"మా అత్తగారికి కావాలి."

"నేను మీ అత్తగారి కోసం సినిమా తీయడం లేదు మేడమ్."

అక్క పోయి మేడమ్ వచ్చింది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. ఇక్కడ మనకు కాళ్లు తప్ప వేరే పని లేదాయె. అతను లేచి నిలబడి, "బూట్లు వేస్తే మీ కార్డు ఉంటుంది. వేయకపోతే లైబ్రరీలో బూట్ల చప్పుళ్లు బోలెడున్నాయి, అవి అతికిస్తాం. ఆలోచించుకోండి" అన్నాడు.

ఆలోచించాను. అబద్ధమెందుకు, ఆ కార్డు కళ్లముందు కదిలింది. నల్లటి తెరమీద తెల్లటి అక్షరాలు, నేనొక్కదాన్నే. అత్తగారి కొత్త కళ్లద్దాలు కూడా కదిలాయి. నా ఎదురుగా పెట్టెలో బూట్లున్నాయి. కాలు పెడితే అరనిమిషం పని.

"లైబ్రరీలోవే అతికించుకోండి. నేను నడవని నడక మీద నా పేరు పడక్కర్లేదు. తీసేయండి" అన్నాను.

"మొత్తం సినిమాలోంచి తీసేస్తాను."

"తీసేయండి!"

అతను వెళ్లిపోయాక ఆ బూట్లను పెట్టె అడుక్కి తోసేశాను. మిగిలిన రీళ్లు ఒప్పుకున్న పని కాబట్టి వంక పెట్టకుండా పూర్తిచేశాను. ఆఖరి రోజు చెవులాయన్ను పావుగంట అడిగాను. గేటంటే గేటు కాదు, తుప్పుపట్టిన మడత కుర్చీ. దాన్ని అయిదోరీలు వసారాకు సరిపోయేటట్టు నెమ్మదిగా తెరిచాను. గొంతు బొంగురు చేసుకుని ఒకసారి దగ్గాను.

"ఇది ఎవరడిగారు?" అన్నాడు చెవులాయన.

"ఎవరూ అడగలేదు. చెప్పుల ట్రాకు పక్కన పెట్టుకోండి."

ఆయన తలూపి, దానికో నంబరు రాసుకున్నాడు.

ఇంట్లో అత్తగారు రోజూ అదే ప్రశ్న. "కార్డు ఎంతసేపుంటుందే? నేను చదివేదాకా ఉంటుందా?" తెలీదత్తయ్యా అనేదాన్ని. దాచడం వేరు, అబద్ధం వేరు అని లోకానికి పాఠం చెప్పినదాన్ని, ఆవిడ ముందు మాత్రం దొంగలా తిరిగాను. నాకు ఆవిడను చూస్తే ఏడుపొచ్చేది.

విడుదలకు మూడు వారాల ముందు ఒక ఆదివారం ఉదయం, చిన్న థియేటరులో నలభైమందికి ఊరికే చూపించి, ఎలా ఉందో అడుగుదామనుకున్నారు. నన్ను పిలవలేదు. చెవులాయన తన వంతు సీట్లు రెండూ నాకిచ్చాడు. నాకు వెళ్లాలని లేదు. అత్తగారు అప్పటికే చెప్పులు వేసుకుని గుమ్మంలో నిలబడ్డారు.

సినిమా బాగుంది. నా కోపం నాది, బాగున్నదాన్ని బాగోలేదనను. అత్తగారు తమ్ముణ్ని అనుమానించారు, డాక్టరును తిట్టారు. అయిదో రీలు వచ్చింది. చీకటి వసారా, వెలుతురు గీత, నీడ. దానిమీద ఢక్, ఢక్ అని ఎవరివో బరువైన బూట్లు. అత్తగారు నా మణికట్టు గట్టిగా పట్టుకుని, "వాచ్‌మన్ గాడు!" అన్నారు. పక్క వరుసలోనూ అదే మాట. డైరెక్టరు వెనక నిలబడి నావైపు చూశాడు, చూశావా అన్నట్టు.

చివర చెల్లెలు దొరికిపోయింది. హాలు హమ్మయ్యా అనలేదు, అయ్యో అనలేదు. పేర్లు ఇంకా అతికించలేదు, వెంటనే దీపాలు వెలిగాయి. డైరెక్టరు ముందుకొచ్చి, "ఎలా ఉందండీ? మొహమాటం లేకుండా చెప్పండి" అన్నాడు. బాగుంది, బాగుంది అన్నారు అందరూ, పెళ్లిభోజనం గురించి అడిగినట్టు.

అత్తగారు చెయ్యెత్తారు. నేను కిందికి లాగబోయాను. ఆవిడ లేచే నిలబడ్డారు.

"బాబూ, ఆ బూట్లు ఎవరివి?"

"ఏ బూట్లండీ?"

"వసారాలో నడిచాయి కదా. ఆ అమ్మాయి వేసుకునేవి చెప్పులు. వాచ్‌మన్ గేటు దగ్గరున్నాడు. మరి ఎవరివి?"

"అది... మీ దృష్టి మళ్లించడానికండీ."

"నా దృష్టి మళ్లించావు, సరే. ఎవరివి?"

ఎవరో నవ్వారు. ముందు వరుసలో లావుపాటి ఆయన, "అవును, నేనూ అదే అనుకున్నా. ఆవిడ వాచ్‌మన్ బూట్లు దొంగిలించిందా?" అన్నాడు. "ఆ సైజు సరిపోదు" అన్నది ఇంకొకావిడ. చూస్తుండగానే నలభైమందీ బూట్ల మీద పడ్డారు. హత్య సంగతి ఎవరికీ పట్టలేదు. నేను నోరు విప్పలేదు. ఆ క్షణంలో నోరు విప్పకపోవడం నా జీవితంలో చేసిన కష్టమైన పనుల్లో ఒకటి.

దారిలో అత్తగారు, "బాగా తీశాడే, ఒక్క అబద్ధంతో పాడుచేసుకున్నాడు. నీకు ముందే తెలుసా?" అన్నారు.

"తెలుసు."

"మరి వాడితో చెప్పలేదూ?"

"చెప్పాను."

ఆవిడ నా భుజం తట్టారు. నేను కార్డు సంగతి అప్పుడైనా చెప్పాల్సింది. చెప్పలేకపోయాను.

డైరెక్టరు నాకు ఫోను చేయలేదు. వారం తరువాత చెవులాయన చేశాడు. "బూట్లు తీసేశాం. మీ చెప్పులు, గేటు, దగ్గు పైకి తెచ్చాం" అన్నాడు. మళ్లీ తనే, "పేర్లు మాత్రం మార్చలేదు. మీరొకసారి అడిగితే..." అన్నాడు.

"నేనే తీయమన్నాను. మళ్లీ నేనే వేయమని అడుగుతానా?"

"అడగరని తెలుసు" అని పెట్టేశాడు. ఆ రోజు ఆయన పది మాటలూ దాటిపోయాయి.

విడుదల రోజు మధ్యాహ్నం ఆటకు అత్తగారూ నేనూ వెళ్లాం. పెట్టెలోంచి ఆ రబ్బరు చెప్పులు తీసి కాళ్లకు వేసుకున్నాను. నా పేరు రాకపోతే పోయె, అవైనా హాల్లో ఉండాలనిపించింది. హాలు నిండింది. అయిదో రీలు. చీకటి. టప్‌తప్... టప్. టప్‌తప్... టప్. అంత స్పష్టంగా, అంత బాహాటంగా నడుస్తోంది హంతకురాలు. రెండు అడుగులయ్యాక గేటు కిర్రుమంది, ఎవరో దగ్గారు. హాలంతా ఊపిరి బిగబట్టింది. "గేటు దగ్గర ఎవడో ఉన్నాడ్రా" అన్నాడు వెనక ఒకతను. చెప్పులు అందరి పక్కనుంచీ నడిచి, పెద్దాయన దాకా వెళ్లాయి. ఒక్కళ్లకూ వినబడలేదు.

చివర్లో చెల్లెలు పోలీసుల ముందు నడిచి వెళ్తుంది. అక్కడ సంగీతం లేదు, మాటలు లేవు. ఖాళీ హాలు, పలకరాయి నేల, టప్‌తప్... టప్. మూడో అడుగుకు ఎక్కడో ఒక ఆడపిల్ల అయ్యో అంది. అయిదో అడుగుకు వెనకతను, "ఓరి నీ, అప్పుడు విన్నాం కదరా!" అన్నాడు. ఆ మాట వరుసలు దాటుతూ వెళ్లింది. హంతకురాలెవరో ముందే తెలిసి కూడా గేటువైపే చెవి పెట్టిన అత్తగారు రెండు చేతులతో నోరు మూసుకున్నారు. తరువాత నా తొడమీద ఒక్కటిచ్చారు. "నా చెవి పక్కనే నడిచిందే! నా పక్కనే!"

పేర్లు మొదలయ్యాయి. జనం లేస్తున్నారు. అత్తగారు కొత్త అద్దాలు సర్దుకుని ఒక్కో వరుసా పెదాలు కదుపుతూ చదువుతున్నారు. టీ అందించినవాళ్లు వెళ్లారు. బండ్లు నడిపినవాళ్లు వెళ్లారు. తెర నల్లబడి, దీపాలు వెలిగాయి.

"ఏదే?"

"లేదత్తయ్యా. ఆ బూట్లు వేయనన్నాను. పేరు తీసేస్తానన్నాడు. తీసేయమన్నాను."

నన్ను తిడతారనుకున్నాను. ఆవిడ ముందు సీటు పట్టుకుని, మోకాళ్లను ఒక మాటని లేచారు.

"ఓయ్! అందరూ ఒక్క నిమిషం ఆగండి!"

తలుపుల దగ్గరికి చేరినవాళ్లు కూడా వెనక్కి తిరిగారు.

"ఆ అడుగులు మా కోడలివి! తెరమీద వేయలేదు, అందుకని నేను చెబుతున్నాను. ఇదిగో, ఈవిడే!"

ఒక్కసారి హాలంతా నావైపు తిరిగింది. ఎవరూ నా మొహం చూడలేదు. అందరూ నా కాళ్లకేసి చూశారు.

నాకు సిగ్గేసింది. కాళ్లు సీటు కిందికి లాక్కోవాలనిపించింది. లాక్కోలేదు. నిలబడి, చీర కుచ్చిళ్లు కాస్త ఎత్తి పట్టుకుని, వరుసలోంచి బయటికొచ్చాను. తలుపు దాకా పలకరాయి పరిచిన నడవా ఉంది. ఎడమకాలి మీద బరువు ఆనించాను.

టప్‌తప్... టప్. టప్‌తప్... టప్.

ఎవరో కెవ్వుమన్నారు, ఆ వెంటనే హాలు హాలంతా నవ్వింది, చప్పట్లు కొట్టింది. జనం రెండు పక్కలకూ జరిగి దారి ఇచ్చారు. వెనకనుంచి అత్తగారి గొంతు వినిపిస్తూనే ఉంది.

"నెమ్మదిగా నడవ్వే, నేను రావద్దూ! సాయంత్రం ఆటకు రెండు టిక్కెట్లు తీసుకో. ఇంకో అబద్ధం దొరికిందంటే మాత్రం నిన్నూ వదలను!"